విమానం ప్లేటుకి చీమలు

చీరాల,
9 జూన్ 2024

గీతాంజలికి,

ఆశీస్సులు రాయాలా వద్దా అని పావుగంట ఆలోచించాను. రాశాననుకో. మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ కట్ చేశావు, నాలుగోసారి అసలు కాలే వెళ్ళలేదు. బ్లాక్ చేశారండీ అని షాపులో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. సొంత అన్న నంబరు బ్లాక్ చేయడం మన ఇంటా వంటా లేదు. మీ వదిన సుబ్బరావమ్మ తన ఫోన్ నుంచి చేస్తే, "ఆయనకేదైనా చెప్పాలనుంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమను వదినా, నోటితో అన్న మాట మారుస్తాడు" అన్నావట. సరే తల్లీ, రాస్తున్నాను. సంతకమూ పెడతాను. వేలిముద్ర కూడా వెయ్యమంటావా?

విషయం ఏంటంటే, నేను విమానం కొన్నాను. నవ్వకు. చిన్నది, రెండు సీట్లది. నేల మీదా దిగుతుంది, నీళ్ళ మీదా దిగుతుంది. యూరప్‌లో తయారైంది. రెక్కలు మడిచి కంటైనర్లో పెట్టి పంపారు. మద్రాసు పోర్టులో దిగింది, కస్టమ్స్ పని అయిపోయింది. ఇప్పుడు సిటీ అవతల ఒక ప్రైవేటు హ్యాంగర్లో రెక్కలు బిగించి నిలబెట్టారు. ఇక మన దేశంలో రిజిస్టర్ చేయించాలి. ఆ నంబరు వచ్చేదాకా అది ఎగరడానికి లేదు. అమ్మకం కాగితం, కస్టమ్స్ కాగితం, ఇంకే దేశంలోనూ రిజిస్టర్ కాలేదని అక్కడి వాళ్ళ ఉత్తరం, ఇన్సూరెన్సు, రేడియో లైసెన్సు, అన్నీ అడిగారు. ఆఖరికి అది ఎంత చప్పుడు చేస్తుందో దానికీ ఒక సర్టిఫికెట్టట! చిలకలూరిపేట మిల్లుల పక్కన బతికేవాళ్ళని ఎవరైనా అడిగారా చప్పుడు గురించి? తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నీ కుదిరాయి, ఒక్కటి మిగిలింది. లైసెన్సున్న ఇంజినీరు విమానాన్ని దగ్గరుండి చూసి, కాగితాల్లో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ ఒకటేనని రాసివ్వాలట. ఇంట్లో ఇంజినీరుండగా బయటివాళ్ళ చుట్టూ తిరగడమేంటి? ఇరవయ్యేళ్ళుగా హైదరాబాద్‌లో విమానాల కింద దూరి నువ్వు చేసేది అదేగా. నెలాఖరుకి మద్రాసు వచ్చి, చూసి, సంతకం పెట్టి వెళ్ళు. సెప్టెంబరు ముప్ఫై లోపల తనిఖీ ముగియకపోతే దరఖాస్తు మూసేస్తారు. అప్పుడు దాన్ని వచ్చిన దేశానికే తిప్పి పంపాలి, లేదా తుక్కు కింద అమ్ముకోవాలి. ఆ పరిస్థితి తేకు.

అన్నయ్య
పానకాలు (సంతకం)

---

హైదరాబాద్,
18 జూన్ 2024

అన్నయ్యా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి నమ్మలేక.

"చూసి, సంతకం పెట్టి వెళ్ళు" అంటావేంటి? అది చీర కొసన కొట్టే షాపు ముద్ర కాదు. నేను సంతకం పెట్టిన విమానం కూలితే జైలుకి నేను వెళ్ళాలి. కూలకపోయినా, అబద్ధానికి సంతకం పెట్టానని తేలితే నా లైసెన్సు పోతుంది. ఆ లైసెన్సు నువ్వు ఇప్పించింది కాదు.

అసలు ఏ మొహం పెట్టుకుని నాకు విమానం గురించి రాశావు? 1997 ఆగస్టు మర్చిపోయావా? నేను మర్చిపోలేదు. ఫ్లయింగ్ క్లబ్ స్కాలర్‌షిప్ పరీక్షలో జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే నెగ్గాను. ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. షాపు అడ్రసుకి వచ్చిన ఆ ఉత్తరాన్ని నువ్వు మంగళగిరి చీరల కట్ట కింద తోసేశావు. రెండేళ్ళ తర్వాత దసరాకి పాత సరుకు దులుపుతుంటే నా చేతికే దొరికింది. అడిగితే ఏమన్నావు? "నీకిచ్చానుగా, నువ్వే ఎక్కడో పారేసుకున్నావు" అన్నావు. వదిన ముందు, పనివాళ్ళ ముందు. పీకి పీకి అడిగితే, "ఆడపిల్లకి విమానమేంటి?" అన్నావు. అరవయ్యొకటో ఏట చీరల షాపు ఆసామికి విమానమేంటి అని నేను అడగొచ్చా?

ఎందుకు కొన్నావో నాకు తెలుసులే. వాడరేవు బీచ్‌కి శని ఆదివారాలు వచ్చే జనాన్ని ఎక్కించి టికెట్లు కొడదామనేగా? ప్రైవేటుగా రిజిస్టర్ చేసిన విమానంలో టికెట్ కొడితే అది నేరం. సముద్రం మీద దిగుతుందని కంపెనీ వాడు బొమ్మల పుస్తకం చూపించి ఉంటాడు. అల అడుగున్నర లేస్తే విమానం పొట్ట పగులుతుంది. అది కొమ్మమూరు కాలవ కాదు, సముద్రం. పైగా నడిపేదెవరు? నువ్వా? స్కూటీ స్టాండ్ తియ్యడం మర్చిపోయి గడియారస్తంభం దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడివి!

నేను రాను. వేరే ఇంజినీరుని చూసుకో.

గీతాంజలి

వదినకి మోకాళ్ళ మందు కొరియర్ చేశాను. నీకు కాదు, వదినకి.

---

చీరాల,
25 జూన్ 2024

గీతాంజలీ,

నీ ఉత్తరం మీ వదిన చేత చదివించుకున్నాను. చదువుతూ మధ్యలో కళ్ళు తుడుచుకుంది. సంతోషమేనా?

ఇరవయ్యేడేళ్ళ నాటి గొడవ ఇంకెన్నాళ్ళు మోస్తావు? ఏదో అయింది. నాన్న పోయిన ఏడాది అది. షాపు, అప్పుల గొడవలు, నలుగురు నేతగాళ్ళ కుటుంబాలు, అన్నీ నా నెత్తి మీద పడ్డాయి. ఏ ఉత్తరం ఎక్కడ పెట్టానో నాకే తెలియని రోజులు. నువ్వు మాత్రం అదొక్కటే పట్టుకుని వేలాడుతున్నావు. ఇంజినీరువి అయ్యావుగా, సంపాదిస్తున్నావుగా, ఇంకేం తక్కువైంది నీకు?

నీళ్ళ మీద దిగేదే ఎందుకు కొన్నానో విను. నేల ఎవడిస్తాడు? ప్రత్తిపాడులో మన బాపయ్య మిరపకాయలు ఆరబోసే కల్లం చూపించాడు. బాగానే ఉంది, చదునుగా ఉంది. కానీ ఫిబ్రవరిలో దిగితే ఆ ఫ్యాను గాలికి ఊరు ఊరంతా తుమ్మి చస్తుంది. మిగిలిందంతా పత్తి, మిరప. సెంటు భూమి ఖాళీ లేదు. నీళ్ళకి పట్టాలు అడిగేవాడు లేడు. అదీ కారణం. నడిపేదెవరో నీకు అనవసరం. లైసెన్సున్న మనిషినే చూసుకున్నాను. స్కూటీ సంగతి ఎత్తకు.

జులై ఐదు శుక్రవారం హ్యాంగర్లో పూజ పెట్టుకున్నాం. బాపయ్యా నేనూ వెళ్తున్నాం. వస్తే రా, లేకపోతే లేదు. నీ సంతకమూ అక్కర్లేదు. మద్రాసులో ఒకాయన ఉన్నాడు, మహానుభావుడు. విమానం దాకా రావడం కూడా దండగ, కాగితాలు పంపిస్తే ఇంట్లో కూర్చునే సంతకం పెట్టేస్తానన్నాడు. లోకంలో నీలాంటి వాళ్ళు కాకుండా మంచివాళ్ళు కూడా ఉన్నారు.

పానకాలు

---

హైదరాబాద్,
22 జులై 2024

అన్నయ్యా,

ఇంట్లో కూర్చుని సంతకం పెట్టే మహానుభావుడి సంగతి చదివాక ఒళ్ళు మండిపోయింది. రేపు ఆ విమానం ఎక్కేది ఎవరో నాకు తెలియదు, కానీ ఎక్కేవాడికి ఒక తల్లి ఉంటుంది కదా. అందుకని మొన్న శనివారం నేనే వెళ్ళాను. నువ్వు ఉండకూడదని హ్యాంగర్ వాళ్ళకి ముందే చెప్పాను. నీ కోసం వెళ్ళాననుకుని సంబరపడకు.

విమానం మంచిదే. ఆ మాట దాచను. పొట్ట, రెక్కల అతుకులు, చక్రాలు పైకి ముడుచుకునే ఏర్పాటు అన్నీ ఆరు గంటలు చూశాను, వంక పెట్టడానికి లేదు. ఇంజిన్ నంబరు కాగితాలతో కలిసింది.

ఇప్పుడు చెడ్డ మాట. ప్రతి విమానానికీ తయారుచేసినవాళ్ళు లోపల అరచేతంత స్టీలు ప్లేటు బిగిస్తారు. దాని మీద మోడల్, నంబరు చెక్కి ఉంటాయి. విమానం మొత్తం కాలి బూడిదైనా ఆ ప్లేటు మిగలాలి. ఏ విమానం కాలిందో చెప్పేది అదే. దాన్ని ఎవరూ ఊడదీయకూడదు. నీ విమానంలో ఆ ప్లేటుని ఎవరో ఊడదీసి మళ్ళీ పెట్టారు. నాలుగు రివెట్లూ కొత్తవి. గుండ్రటి తలలవి, పత్తి మిల్లు మిషన్లకి కొట్టే రకం. ఒకటి వంకరగా కూడా ఉంది. ప్లేటు అంచుల్లో ఏదో పసుప్పచ్చ మరక, జిగురు. దాని చుట్టూ బారులు బారులుగా చీమలు. విమానంలో చీమలు, అన్నయ్యా! నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో చూడలేదు.

అక్కడ మెకానిక్ ఇమ్మానియేలు అని ఒకతను, వేటపాలెం వాడట. అతను రోజూ అక్కడే కూర్చుని టీ తాగుతాడని చెప్పారు. టీ ఒలికి ఉంటుంది. ఆ మాట కూడా రిపోర్టులో రాశాను. ప్లేటు తీసి మళ్ళీ పెట్టారని, ఎందుకో తెలియదని, తెలిసేదాకా నేను సంతకం పెట్టనని ఢిల్లీలో విమానాలు రిజిస్టర్ చేసే ఆఫీసుకి రాసి పంపాను.

నిన్ను అడిగేవి రెండే. ప్లేటు తీసింది ఎవరు? ఎందుకు?

గీతాంజలి

---

చీరాల,
29 జులై 2024

గీతాంజలి గారికి,

ఇంజినీరు గారు కదా, "గారు" పెట్టకపోతే దానికీ రిపోర్టు రాస్తారేమోనని పెట్టాను.

తీర్చుకున్నావుగా పగ? ఇరవయ్యేడేళ్ళు కాచుకుని కూర్చుని ఒక్క దెబ్బ కొట్టావు. ఎవరైనా సొంత అన్న మీద ఢిల్లీకి రాస్తారా? ఏదైనా అనుమానముంటే ముందు నన్ను అడగొచ్చుగా? బ్లాక్ తీసి ఒక్క ఫోన్ చేయొచ్చుగా? అబ్బే, ముందు కొట్టి తర్వాత అడుగుతావు. నీతో పుట్టి నేను మూటగట్టుకున్న సుఖం ఇది.

ప్లేటు సంగతి నాకేం తెలుసు? కంపెనీ వాళ్ళే అలా బిగించి ఉంటారు. తెల్లవాళ్ళ దేశంలో గుండ్రటి రివెట్లు ఉండకూడదని రూలేమైనా ఉందా? వాళ్ళూ మనుషులే, ఒక రివెట్ వంకరపోదా? ఇక చీమలంటావా, చీమలకి కూడా నేనే జవాబు చెప్పాలా? సముద్రం దాటి వచ్చిన కంటైనర్లో ఏమొచ్చాయో ఎవరికి తెలుసు?

వెంటనే ఢిల్లీకి ఇంకో ఉత్తరం రాసి నీ మాట వెనక్కి తీసుకో. గడువు రెండు నెలలే ఉంది.

పానకాలు

ఆ మోకాళ్ళ మందు బాగానే పనిచేస్తోందని మీ వదిన రాయమంది. రాశాను.

---

హైదరాబాద్,
14 ఆగస్టు 2024

అన్నయ్యా,

కంపెనీ వాళ్ళని అడిగాను. కంటైనర్లో పెట్టే ముందు తీసిన ఫొటో పంపారు. ప్లేటు మీద నాలుగు రివెట్లూ చదును తలలవి, లోపలికి దిగి ఉన్నాయి. చీమ దూరే సందు కూడా లేదు. ఫొటో కాపీ దీంతో పెట్టాను, కళ్ళజోడు పెట్టుకుని చూడు. అంటే ప్లేటు ఊడింది ఇక్కడికి వచ్చాకే.

ఢిల్లీ వాళ్ళ అనుమానం ఏంటో తెలుసా? వేరే పాత విమానానికి ఈ ప్లేటు బిగించి, కొత్తదని చెప్పి రిజిస్టర్ చేయిస్తున్నారని. అలాంటి మోసాలు జరుగుతాయి. ఇప్పుడు నువ్వు వాళ్ళ కళ్ళకి దొంగ విమానాల వ్యాపారివి. ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాతపూర్వకంగా తేలితేనే కంపెనీ కొత్త ప్లేటు ఇస్తుంది. తేలకపోతే సెప్టెంబరు ముప్ఫైతో సరి.

ఇంకో కబురు. ఇమ్మానియేలుని ఉద్యోగం నుంచి ఆపేశారు. నా రిపోర్టులో టీ ముక్క చూసి, ప్లేటు దగ్గర తచ్చాడింది వాడేనని తేల్చారు. నిన్న అతని భార్య ఎలీసమ్మ నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఆయన పంచదార జబ్బు మనిషమ్మా. ఆరేళ్ళ నించీ ఉత్త టీ నీళ్ళే తాగుతన్నాడు. ఆటికి చీమలెందుకు పడతయ్యమ్మా?"

పంచదార లేని టీకి చీమలు పట్టవని తెలియక కాదు, అడగకుండా రాశాను. అది నా తప్పు, నేను మోస్తాను. కానీ అసలు తప్పు ఎవరిదో నీకు తెలుసని నాకు గట్టి అనుమానం. జులై ఐదున అక్కడ ఉన్నది నువ్వు. ఒక మనిషి కూడు పోతుంటే చీరలు మడతపెట్టుకుంటూ కూర్చోగలవా? 1997లో కూర్చున్నావులే.

గీతాంజలి

---

చీరాల,
20 ఆగస్టు 2024

గీతా,

ఇమ్మానియేలుని ఏమీ అనొద్దని వాళ్ళకి చెప్పు. అతనిది తప్పు లేదు. ఆ రోజు పూజ అవగానే అతన్ని భోజనానికి పంపింది నేనే. పులిహోర, గారెలు పొట్లం కట్టిచ్చి, బయట చెట్టు కింద కూర్చుని నిదానంగా తినమన్నాను.

ప్లేటు తీయించింది నేను. తీసింది బాపయ్య. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో ముప్ఫయ్యేళ్ళు ఫిట్టరు, వాడికి అదెంత పని? డ్రిల్లు బ్యాగులో పెట్టుకుని వచ్చాడు. దాన్ని మంగళగిరి పట్టుకెళ్ళాను. లారీ కొంటే గుళ్ళో తాళాలు పెడతారు. బైక్ కొంటే బైకే తోలుకెళ్తారు. దీన్ని ఎలా తీసుకెళ్ళను? తాళం అడిగితే అది వాళ్ళ ఆఫీసు సేఫ్‌లో ఉంది, ఇవ్వరు. ఇక దాని పేరంటూ ఉన్నది ఆ ప్లేటు మీదే. అందుకని ప్లేటు తీసుకెళ్ళాను. శనివారం కొండెక్కి దర్శనం చేయించి, ఆదివారం మళ్ళీ మద్రాసు వెళ్ళి, పూజ సామాను మర్చిపోయామని లోపలికెళ్ళి బాపయ్య చేత బిగింపించాను. వాడి దగ్గర మిల్లు రివెట్లే ఉన్నాయి. అంతే. దొంగతనం కాదు, దొమ్మీ కాదు.

ఇది నీకు చెప్తున్నాను. కాగితం మీద ఢిల్లీకి మాత్రం రాయను. దేవుడి పేరు తీసుకెళ్ళి గవర్నమెంటు ఫైల్లో పెడితే నలుగురూ నవ్వుతారు. చీరాల చీరల పానకాలు విమానం ముక్క పీకి గుళ్ళో పెట్టాడట అని పేపర్లో కూడా వేస్తారు. నువ్వే ఏదో ఒకటి రాసి సర్దెయ్యి.

పానకాలు

---

హైదరాబాద్,
26 ఆగస్టు 2024

అన్నయ్యా,

చదివి ముందు నవ్వాను. తర్వాత గిన్నె నేలకేసి కొట్టాను.

పానకం! ఆ జిగురు, ఆ పసుపు, ఆ చీమలు. మంగళగిరిలో పుట్టిన దాన్ని, నీకు పెట్టిన పేరే ఆ స్వామిది, నాకు పానకం వాసన తెలియలేదంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ కొండ మీద ఎంత పానకం ఒలికినా చీమ కనపడదంటారు. కొండ దిగి వస్తే పడతాయి కదా! తుడవాలని కూడా తోచలేదా నీకు? తుడిచి ఉంటే ఇమ్మానియేలు ఇవాళ ఉద్యోగంలో ఉండేవాడు.

నేను ఏదీ "సర్దెయ్యను". ఈ ఇంట్లో నువ్వు చేసినవన్నీ సర్దుకుంటూ వచ్చింది చాలు. నువ్వే రాయాలి. తెలుగులోనే రాయి, ఇంగ్లీషులోకి నేను మారుస్తాను. ఎప్పుడు తీశావు, ఎవరి చేత తీయించావు, ఎక్కడికి తీసుకెళ్ళావు, ఎప్పుడు పెట్టావు. ఇమ్మానియేలుకి తెలియదని స్పష్టంగా ఉండాలి. బాపయ్య కూడా సంతకం పెట్టాలి.

కారణం ముక్క ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి. వాహన పూజ అని ఒక్క మాట పడేస్తే వాళ్ళు నమ్మరు. హ్యాంగర్లోనే పంతులుగారిని పెట్టి పూజ చేయించావు, కొబ్బరికాయ కొట్టావు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టావు. అవి చాలలేదా? దేశంలో లేని పని చేసి, డ్రిల్లు దొంగతనంగా తెచ్చి, ప్లేటు పీకి, కొండెక్కాల్సినంత అవసరం ఏమొచ్చింది? వాళ్ళే కాదు, నేనూ అడుగుతున్నాను. నిజం రాస్తేనే సాక్షి సంతకం పెడతాను. అబద్ధం రాశావో, చింపి అదే కవర్లో పెట్టి నీకే పంపిస్తాను.

గడువుకి ఇంక ముప్ఫై అయిదు రోజులే ఉన్నాయని గుర్తుపెట్టుకో.

గీతాంజలి

---

చీరాల,
3 సెప్టెంబరు 2024

గీతా,

రాసి పంపుతున్నాను. మొదటి పేజీ మా ప్లీడరు చెప్పినట్టు రాశాను. రెండో పేజీ చూసి, ఇది ఎందుకండీ అన్నాడు. నువ్వు నిజం అడిగావని చెప్పాను.

పానకాలు

(మొదటి పేజీ)

వాంగ్మూలం. చీరాల నివాసి, చేనేత చీరల వ్యాపారి అయిన పానకాలు అను నేను చెప్పేది ఏమనగా: 2024 జులై 5వ తేదీ మధ్యాహ్నం నా విమానంలోని కంపెనీ ప్లేటును నా స్నేహితుడు బాపయ్య చేత తీయించాను. 6వ తేదీన దాన్ని మంగళగిరి కొండపై గుడికి తీసుకువెళ్ళాను. దర్శనం తర్వాత దానికి పసుపు రాసి, గిన్నెలో ఇచ్చిన పానకం నేనే దాని మీద పోశాను. 7వ తేదీన తిరిగి బిగింపజేశాను. మధ్యలో అది నా చేతి సంచీలోనే ఉంది, వేరే ఏ విమానానికీ తగిలించలేదు. హ్యాంగర్ మెకానిక్ ఇమ్మానియేలుకు ఈ విషయం తెలియదు. అతన్ని నేనే కావాలని బయటికి పంపాను. ప్లేటు తీయకూడదని నాకు తెలియదు. తెలిసినా తీసేవాణ్ణి.

(రెండో పేజీ)

ఎందుకు తీశావని అడిగారు కాబట్టి.

ఈ విమానం నడపబోయేది నా చెల్లెలు గీతాంజలి. ఆ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు. నలభై రెండో ఏట, సొంత జీతంతో, ఎవరికీ చెప్పకుండా పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. నా భార్యకొక్కదానికి చెప్పింది. నా భార్య మూడేళ్ళు దాచి, ఆపుకోలేక నాకు చెప్పింది. నెలకొక గంట అద్దె విమానం తీసుకుని ఎగిరి, దిగి, ఇంటికెళ్ళి వంట చేసుకుంటుందట. అది విన్న తర్వాత నేను విమానం కొన్నాను. పత్తి, మిరప తప్ప ఖాళీ నేల లేని మా ప్రాంతంలో ఎక్కడ దిగుతుందని, నీళ్ళ మీద కూడా దిగేది కొన్నాను.

1997లో ఆమెకి వచ్చిన ఉత్తరం దాచింది నేనే. పోగొట్టుకున్నావని ఆమె మీదే తోసింది కూడా నేనే. అందరి ముందు ఆడపిల్లకి విమానమేంటి అన్నాను. అది నోటికొచ్చిన మాట. ఉత్తరం వచ్చేనాటికి మా నాన్న చిలకలూరిపేట దగ్గర లారీ కింద పడి పోయి నలభై రోజులైంది. చీరల మూట కట్టుకుని మోపెడ్ మీద వెళ్ళాడు. రోడ్డు మీద ఆయన్ని గుర్తుపట్టి సంతకం పెట్టింది నేను. చీరలు చూసి గుర్తుపట్టాను, మొహం చూసి కాదు. అది మరవకముందే ఈ ఉత్తరం. నేల మీద మోపెడ్ మీద వెళ్ళిన మనిషే తిరిగి రాకపోతే, ఆకాశంలోకి ఈ పిల్లని ఎలా పంపేది? నాకు భయమేసింది. ఇంటికి పెద్దవాణ్ణి, భయమేస్తోందని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకో మాట అన్నాను. ఆ మాటే ఇన్నేళ్ళూ ఉండిపోయింది.

విమానం కొన్నాక ఆ భయం మళ్ళీ పట్టుకుంది. హ్యాంగర్లో చేసే పూజ ఒక్కటీ చాలదనిపించింది. అందుకే బాపయ్య చేత ముందే డ్రిల్లు తెప్పించాను. నేనూ మోకాళ్ళ నొప్పుల మనిషినే, అయినా మెట్లన్నీ ఎక్కాను. గుళ్ళో గోత్రం, పేరు చెప్పమంటే విమానం నంబరు చెప్పలేదు. గీతాంజలి అని చెప్పాను.

ఇంతే కారణం. ఇంకేమీ లేదు.

(సంతకం) పానకాలు
సాక్షి: బాపయ్య

---

హైదరాబాద్,
18 నవంబరు 2024

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

మొదటి పేజీ ఇంగ్లీషులోకి మార్చి, సాక్షి సంతకం పెట్టి పంపాను. కారణం దగ్గర, "విమానం నడపబోయే కుటుంబసభ్యురాలి క్షేమం కోసం మొక్కు" అని ఒక్క లైను రాశాను. నిజమే కాబట్టి రాశాను. తనిఖీ అధికారి వచ్చి పొట్ట లోపల చెక్కిన నంబరు, ఇంజిన్ నంబరు రెండూ చూసుకున్నాడు, కలిశాయి. గడువుకి మూడు రోజుల ముందు తనిఖీ ముగిసింది. కంపెనీ కొత్త ప్లేటు పంపింది, నేనే బిగించాను. ఎగరడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్టూ, రిజిస్ట్రేషనూ గురువారం చేతికొచ్చాయి. నంబరు వేయించాను. దాని మీద పసుపు చుక్క కనపడిందో, ఊరుకోను.

ఇమ్మానియేలుని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. నేను వెళ్ళి అతనికీ ఎలీసమ్మకీ క్షమాపణ చెప్పి వచ్చాను. నువ్వు చీర పంపావట. చీరతో పోయే తప్పా అది? వాళ్ళు వేటపాలెం వచ్చినప్పుడు ఇంటికెళ్ళి నోటితో చెప్పు.

రెండో పేజీకి ఇంగ్లీషు రాయలేదు. అది ఆఫీసుకి అక్కర్లేదు. నా దగ్గరే ఉంది. తిరిగి అడగొద్దు.

నిన్ను క్షమించానని అనుకుంటావేమో, లేదు. భయమేసిందని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే నీ పక్కన కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని. నాన్న నాకూ నాన్నే. నువ్వు చెప్పలేదు. నన్ను చేతకానిదాన్ని చేశావు. నేను నిజంగానే ఉత్తరం పారేసుకున్నానేమోనని ఒక ఏడాది పాటు నన్ను నేనే తిట్టుకున్నాను, తెలుసా? ఆ ఏడాది ఎవరు తెచ్చిస్తారు? పైగా ఇప్పుడు కూడా అదే పని. నాకు విమానం కావాలని నీతో అన్నానా? నడుపుతానని ఒప్పుకున్నానా? 1997లో వద్దని నువ్వే తేల్చావు, ఇప్పుడు కావాలని నువ్వే తేల్చావు. రెండుసార్లూ నన్ను అడగలేదు.

కాబట్టి నేనూ నిన్ను అడగను, చెప్తున్నాను. డిసెంబరు ఏడు, శనివారం, పొద్దున ఏడింటికి హ్యాంగర్ దగ్గర ఉండు. ఎడమ సీటు నాది. కుడి సీటులో నువ్వు కూర్చుంటున్నావు. వదిన రానంటోంది, నువ్వు రానంటే ఒప్పుకోను. రెండు ఇడ్లీలు తిని రా, ఎక్కువ తినకు.

పైకి వెళ్ళాక భయమేస్తే ఇంకో మాట ఏదీ అనకు, భయమేస్తోందనే చెప్పు. ఆ చప్పుడులో బయటివాళ్ళెవరికీ వినపడదు. హెడ్‌ఫోన్లలో నాకొక్కదానికే వినపడుతుంది.

గీత